సైదమ్మగారు వద్దన్న బోరు

మొన్న సాయంత్రం పాప కోసం గాజు గ్లాసులో బోరు నీళ్ళు పట్టి, కిటికీ వెలుతురుకు ఎత్తి చూశాను. సన్నటి నీలం పోగులు నీళ్ళలో మెల్లగా తిరుగుతున్నాయి. కుళాయికి వడపోతగా నేను కట్టిన గుడ్డ నా పాత నీలం చున్నీదే. పాలిస్టర్ చున్నీ. మట్టిని ఆపుతుందనుకున్నది, తానే అరిగి పిల్లల కడుపులోకి ప్లాస్టిక్ వదులుతోంది.

నీళ్ళను అలా ఎత్తి చూడడం నాకు నేర్పింది పక్కింటి సైదమ్మగారు. నల్లగొండ వైపు పల్లెటూరు ఆవిడది. ఫ్లోరైడ్ నీళ్ళకు మోకాళ్ళు వంగిపోయి, గోడ పట్టుకుని నడిచేవారు. గుంటూరు నుంచి వచ్చి మేము మీర్‌పేట్‌లో ఈ ఇంట్లో దిగిన రోజున గేటు దగ్గర నిలబడి ఆవిడ అడిగిన మొదటి మాట, "పిల్లలకు ఏం నీళ్లు తాపుతవ్ బిడ్డా?"

"ఏవైనా తేటగా ఉంటే చాలు కదండీ."

మోకాలు చరిచి నవ్వారు. "గీ కాళ్లనడుగు. మా ఊరి నీళ్లు అద్దమోలె ఉండె."

మా ఇంటి వెనక పాత బావి ఉండేది. కాలనీవాళ్ళు ఏళ్ళ తరబడి కవర్లూ పగిలిన బకెట్లూ పోసి దాన్ని పూడ్చి, పైన మట్టి సర్దారు. మా ఓనరు సరిగ్గా ఆ పక్కనే బోరు వేయించబోతే, సైదమ్మగారు కుర్చీ తెచ్చుకుని బండికి అడ్డంగా కూర్చున్నారు.

"గీడ వద్దు. అవుతల మూలకు ఎయ్యిరి."

"అవ్వా, గంత లోతుకు నీ కవర్లు ఈదుకుంట పోతయా?" అన్నాడు బోరు మేస్త్రీ. పనివాళ్ళంతా నవ్వారు.

"నవ్వు కొడుకా. నీ బండి ఎల్లిపోతది. తాగేటోళ్లు గీడనే ఉంటరు."

డిగ్రీలో కెమిస్ట్రీ చదివినదాన్ని, నేను మేస్త్రీ వైపే మాట్లాడాను. "ప్లాస్టిక్ నీళ్ళలో కరగదండీ. భయపడకండి."

"కరగదనే గదమ్మా నా పరేషాన్. ముక్కలైతది గని, యాడికి పోతది?"

ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని కుర్చీలోంచి లేపి, ఇంటికి తీసుకెళ్ళింది నేనే. బోరు అక్కడే వేశారు. మర్నాడు ఆవిడే నూలు గుడ్డ తెచ్చి, నాలుగు మడతలు పెట్టి మా కుళాయికి కట్టారు. వారానికోసారి ఉడకబెట్టి ఎండెయ్యమన్నారు. నిరుడు వానాకాలంలో ఆవిడ పోయారు. ఆ తర్వాత గుడ్డ చిరిగిపోతే, చేతికందిన చున్నీ ముక్క కట్టేశాను.

మొన్న దాన్ని విప్పేసి, కాసేపు నీళ్ళు వదిలి, గ్లాసు కడిగి మళ్ళీ పట్టాను. నీలం పోగులు లేవు. కానీ కవరు ముక్కలాంటి రంగులేని చిన్న పొర ఒకటి తళుక్కుమంది. అది చున్నీది కాదు. నీళ్ళు పరీక్షించే చోటికి ఫోన్ చేశాను. "ఉప్పు, సున్నం, క్రిములు చూస్తం మేడం. ప్లాస్టిక్ చూసే మిషన్ మా దగ్గర లేదు" అన్నాడు ఫోనెత్తినతను. నా కంటికి కనిపించింది ఒక్క ముక్క. కనిపించనివి ఎన్నో చెప్పేవాళ్ళు లేరు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నిన్న పొద్దున బడికి బయలుదేరుతున్న పిల్లలిద్దరినీ ఆపి, సీసాల్లోని నీళ్ళు పారబోశాను. ఇక ఆ కుళాయి నీళ్ళు తాగొద్దని చెప్పాను.

"మరి ఇన్నాళ్ళూ తాగాంగా అమ్మా?" అంది పెద్దది.

ఏం కాదులే అనబోయి ఆగాను.

"తాగారు. నేనే తాగించాను. దానివల్ల ఏమవుతుందో నాకు తెలీదు. ఆదివారం దిల్‌సుఖ్‌నగర్‌లో ఓనరు ఇంటికి వెళ్ళి, ఈ బోరు మూయించమని అడుగుతాను. మీరూ రండి."