ఖాళీ గిన్నె ఎలా ఇస్తామండి

మీరు నవ్వుతారని తెలిసే చెబుతున్నాను. మొన్నటి వరకు మా ఇంట్లో చిన్న గది అని ఒకటి ఉండేది. సామాన్లతో కిక్కిరిసి ఉన్నా, పక్కకి తిరిగి వెళితే ఒక మనిషి పట్టేవాడు. నేను దాన్ని ఖాళీ చేశాక పక్కకి తిరిగినా పట్టడం లేదు.

ఇదంతా మా సన్నీ కోసం మొదలైంది. వాడు విజయవాడ హాస్టల్లో ఉండి ఇంటర్ చదివాడు. ఎంట్రన్సులో అనుకున్న ర్యాంకు రాలేదు. ఇంకో ఏడాది చదివి మళ్ళీ రాస్తానన్నాడు. మళ్ళీ ఆ హాస్టలేనా అన్నాను నేను. నరసాపురంలో టీచరు ఉద్యోగం చేసుకుంటూ రెండేళ్ళూ వాణ్ణి ఫోన్లోనే పెంచాను. తిన్నావా, ఏం తిన్నావు, ఎంత తిన్నావు, ఫోటో పెట్టు. ఒకసారి వాడు ఖాళీ కంచం ఫోటో పెట్టి "తినేశాను" అన్నాడు. అది తిన్నాక తీసిన ఫోటోనా, తినకముందు తీసిందా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు.

ఈసారి వాడే ఫోన్ చేసి ఒక దారి చెప్పాడు. "ఆన్‌లైన్ క్లాసులు తీసుకుంటానమ్మా. ఇంట్లోనే ఉంటాను. కానీ హాల్లో నీ సీరియల్‌కీ నాన్న ఫోన్‌కీ మధ్య కూర్చుని చదవడం నావల్ల కాదు. సోమవారం క్లాసులు మొదలు. ఈలోగా చిన్న గది ఖాళీ అవుతుందా? కాదంటే ఇప్పుడే చెప్పు, హాస్టల్లో చేరిపోతాను."

"ఎందుకవదు నాన్నా" అన్నాను. ఒక్క గదేగా.

చెన్నైలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి స్నేహ వీడియో కాల్‌లో సూపర్‌విజన్‌కి దిగింది. "ఏడాదిగా వాడనిది ఏదైనా తీసేయమ్మా. ఆలోచించకు. ఆలోచిస్తే పని అవదు." ఆలోచించకుండా ఉండడం నాకు చేతకాదని దానికి తెలుసు. అయినా చెప్పింది.

విరిగిన కుర్చీ, పాత పేపర్లు, ఎప్పటివో మిక్సీ అట్టపెట్టెలు మావారు ఒక్క పూటలో పాత సామాన్ల బండికి వేసేశారు. మిగిలినవి గిన్నెలు. అల్మరా నిండా, మంచం కింద, అటక మీద స్టీలు డబ్బాలు, కేరియర్లు, లోతు గిన్నెలు, దేనివో తెలియని మూతలు. ఒక్కొక్కటీ తిప్పి చూస్తే సగం వాటి మీద నా పేరు లేదు. మన వైపు సంగతి తెలిసిందే కదా, స్టీలు సామాను కొన్నామంటే షాపులోనే పేరు కొట్టించుకుంటాం. ఒక డబ్బా మీద ఎం. మహాలక్ష్మి అని ఉంది. ఒక గిన్నె మీద కె. సువార్తమ్మ అని ఉంది. ఎప్పుడో పులిహోరతోనో క్రిస్మస్ కేకుతోనో మా ఇంటికి చుట్టపుచూపుగా వచ్చి, ఇక్కడే స్థిరపడిపోయినవన్నమాట.

"అవి కూడా బండికి వేసేయ్" అంది స్నేహ.

"పరాయివాళ్ళ పేరున్న గిన్నె అమ్ముకుంటామా? ఎవరైనా చూస్తే?"

"ఎవరు చూస్తారమ్మా?"

"దేవుడు చూడడా?"

ఫోన్ కట్టయింది. తర్వాత అడిగితే నెట్‌వర్క్ అంది.

మావారు నా వైపే మాట్లాడారు. "సరే, ఎవరివి వాళ్ళకి ఇచ్చేద్దాం. సంచిలో వేసుకుని స్కూటర్ మీద ఒక రౌండేస్తే అయిపోతుంది."

"ఖాళీ గిన్నె ఎలా ఇస్తామండి?"

ఆయన సంచి కింద పెట్టేశారు. మా అమ్మ ఎదురింటి గిన్నె తిరిగి ఇవ్వాలంటే, ఏమీ లేకపోతే చిటికెడు పంచదారైనా వేసి ఇచ్చేది. కానీ ఏళ్ళ తరబడి ఉంచేసుకున్న గిన్నెలో చిటికెడు పంచదార వేసి ఇస్తే బాగుంటుందా? అందుకని మినుములు వేయించాను. మావారు మిల్లుకి వెళ్ళి పిండి పట్టించుకొచ్చారు. గది సర్దాల్సిన రెండు పూటలూ కూర్చుని సున్నుండలు చుట్టాను.

ముందు మహాలక్ష్మి గారింటికి వెళ్ళాను. పక్క వీధిలో కిరాణా షాపు వాళ్ళు. డబ్బా చూసి ఆవిడ కళ్ళు పెద్దవి చేశారు.

"ఇది మీ దగ్గరుందా మేడమ్ గారూ? మా కోడలే పోగొట్టిందని ఇన్నాళ్ళూ దాన్ని సాధిస్తున్నానండి."

కోడలు లోపలి నుంచి వచ్చింది. డబ్బాని చూసింది, అత్తగారిని చూసింది, లోపలికెళ్ళి నాకు కాఫీ తెచ్చింది. అత్తగారికి తేలేదు.

మాట మార్చడానికన్నట్టు ఆవిడ లేచారు. "ఉండండి, మీవి కూడా మా అటక మీద ఉన్నట్టున్నాయి." ఉన్నాయి. ఒక టిఫిన్ కేరియరు, రెండు డబ్బాలు. అన్నిటి మీదా నా పేరే. ఇప్పుడొద్దులెండి అని నేను అంటూనే ఉన్నాను. ఆవిడ ఒకదాంట్లో జంతికలు, ఒకదాంట్లో బెల్లం అచ్చులు, కేరియర్లో కందిపప్పు పోశారు. "ఖాళీగా ఎలా ఇస్తామండి?"

ఒక డబ్బా పట్టుకెళ్ళి మూడు తెచ్చాను. మావారు గుమ్మంలోనే నిలబడి చూశారు. మూడూ అందుకుని చిన్న గదిలోనే పెట్టారు. 

సఖినేటిపల్లిలో స్థిరపడిన మా పాత హెడ్మిస్ట్రెస్ గారి గిన్నె ఒకటి ఉంటే, అది ఇచ్చి రమ్మని ఆయన్నే పంపాను. పంటు ఎక్కి గోదావరి దాటి వెళ్ళారు. వచ్చేటప్పుడు ఒళ్ళో ఆవకాయ జాడీ. పంటు కదిలినప్పుడల్లా దాన్ని రెండు చేతులా పొదువుకున్నారట. "ఒకావిడ లేచి నాకు చోటిచ్చింది. చంటిపిల్లలున్నవాళ్ళకి ఇచ్చినట్టు" అన్నారు. జాడీ ఆవిడది. మళ్ళీ ఇవ్వాలి.

ఇంతవరకు ఎలాగోలా సర్దుకునేదాన్నే. అసలు దెబ్బ సువార్తమ్మ గారి దగ్గర తగిలింది. ఆవిడ మా చర్చిలో స్త్రీల సమాజం పెద్ద. గిన్నె తీసుకుని కళ్ళొత్తుకున్నారు. "మా ఆయన కొన్న మొదటి స్టీలు గిన్నె తల్లీ ఇది" అన్నారు. నాకూ కళ్ళు చెమర్చాయి. మంచి పని చేశాననుకుంటూ ఇంటికొచ్చాను. ఆవిడ అంతటితో ఆగితే బాగుండేది. స్త్రీల ప్రార్థన కూడికలో లేచి, దేవుడి మేలు చెప్పుకున్నట్టు అందరి ముందూ దాని గురించి సాక్ష్యం చెప్పారు.

"మన టీచరమ్మని చూసి నేర్చుకోవాలి. ఇన్నేళ్ళయినా ఎవరి వస్తువు వాళ్ళకి చేర్చింది. మన ఇళ్ళలో ఎవరెవరి గిన్నెలున్నాయో ఈ పూటే వెతకండి."

వెతికారు. ఆ సాయంత్రం నుంచి మా గేటు మోగుతూనే ఉంది. స్కూలు వార్షికోత్సవానికి ఇచ్చి మర్చిపోయిన బేసిన్లు వచ్చాయి. మా పెళ్ళిలో వచ్చిన గంగాళం వచ్చింది, అది మా ఇంట్లో లేదన్న సంగతే నాకు తెలియదు. ఒక్కటీ ఖాళీగా రాలేదు. కాజాలు, అరిసెలు, పనసతొనలు, ఎవరో ఏకంగా బతికున్న పీతలు. పీతలున్న గిన్నె మీద మూత నిలవలేదు. మావారు మంచం ఎక్కి కూర్చుని చీపురుతో వాటికి దారి చూపించారు.

అది కూడా పరవాలేదు. చివరగా వచ్చిన ఒకావిడ చేతిలో పేరు అరిగిపోయిన డబ్బాలు ఒక సంచెడు ఉన్నాయి.

"ఇవి మావి కావు తల్లీ" అన్నాను.

"మావీ కావండి. ఎవరివో తెలియడం లేదు. మీరు అందరివీ చేరుస్తున్నారంట కదా, మీ దగ్గర పెట్టి వెళదామని."

ఆవిడ వెనకాల ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు. వాళ్ళ దగ్గరా సంచులే.

ఆదివారం సన్నీ విజయవాడ నుంచి సామానుతో దిగాడు. చిక్కిపోయాడు. నేను వాడికి ఎదురెళ్ళి, నీళ్ళిచ్చి, వేపుడు వడ్డించి, ఆ గది తలుపుకి వీలైనంత అడ్డంగా నిలబడ్డాను. వాడు నా భుజం మీంచి చూశాడు.

"అమ్మా, ఖాళీ చేశానన్నావు."

"చేశాను నాన్నా. మళ్ళీ వచ్చాయి."

"గిన్నెలు వాటంతటవే ఎలా వస్తాయి?"

వాళ్ళ నాన్న చెప్పడం మొదలుపెట్టారు. పీతల దగ్గరికొచ్చేసరికి ఇద్దరూ నవ్వుతున్నారు. నాకు నవ్వు రాలేదు. వాడు జేబులోంచి ఫోన్ తీయడం చూశాను. హాస్టల్ నంబరు అందులోనే ఉంది.

ఫోన్ దేనికో తీసి మళ్ళీ జేబులో పెట్టేశాడు. "వారం రోజులు చూస్తానమ్మా. కుదరకపోతే వెళ్ళిపోతాను. అప్పుడు ఏడవకూడదు."

నేను సరేనన్నాను. తండ్రీకొడుకులు గంగాళం బయటకి లాగి, ఆ సందులో టేబుల్ దూర్చారు. తలుపు పడదు. కుర్చీ వెనక్కి జరగదు. వాడు ఒకసారి కూర్చున్నాడంటే, లేవాలంటే మావారు టేబుల్ లాగాలి. "కదలకుండా చదువుతాడులే" అన్నారు ఆయన.

సోమవారం పొద్దున్న క్లాసు మొదలైంది. నేను స్కూలుకి సెలవు పెట్టి, గుమ్మం పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాను. సారు అందరినీ కెమెరాలు ఆన్ చేయమన్నారు. సన్నీ చేశాడు.  కాసేపటికి ఫోన్లోంచి ఆ సారు గొంతు వినిపించింది.

"బాబూ, నీ వెనకాల అన్ని గిన్నెలేంటి? మీది స్టీలు సామాన్ల షాపా?"

మిగతా పిల్లల నవ్వులు.  ఈ దెబ్బతో వాడు బస్సెక్కడం ఖాయం అనుకున్నాను. సన్నీ మెడ తిప్పి, వెనకాల పైకప్పు దాకా ఉన్న డబ్బాల్ని తీరిగ్గా ఒకసారి చూసుకున్నాడు.

"షాపు కాదు సార్. నేను చదువుకుంటానని మా అమ్మ గది ఖాళీ చేసింది."