ఏడాది కల్లు

జంగయ్య దేన్నీ బాగుందని అనడు.

ముప్పై ఏళ్లుగా తాటిచెట్లెక్కి కల్లు దించుతున్నాడు. వాగొడ్డున ఇరవై రెండు చెట్లు. ఎవరైనా తమ కల్లు రుచి చూడమంటే, తాటాకు మడిచిన రేకను రెండు చేతులా పట్టుకుంటాడు. ఒక గుక్క నోట్లో తిప్పుతాడు. పొద్దున దించిందో, మధ్యాహ్నం దించిందో చెబుతాడు. బాగుంటే రేకను మళ్లీ ముందుకు చాపుతాడు. లేకపోతే నేల మీద బోర్లిస్తాడు. చిట్యాల చుట్టూ నాలుగూళ్లలో ఆ రెండింటికీ విలువ ఉంది.

తెలంగాణ వచ్చిన ఏడు గుర్వయ్య కొడుకును ఉయ్యాలలో వేసే తొట్టెల పండుగ. గుర్వయ్య జంగయ్యకు బామ్మర్ది, భార్య పుష్పమ్మకు తమ్ముడు. జనానికి కల్లు చాలదని రెండు బిందెల నీళ్లు కలిపాడు. ఆ సంగతి అతనొక్కడికే తెలుసు. జంగయ్య ఒక గుక్క తాగి, రెండు వందల మంది ముందు రేకను బోర్లించాడు. రెండేళ్లు గుర్వయ్య బావ గడప తొక్కలేదు. పుష్పమ్మ నెల రోజులు మాట్లాడలేదు. జంగయ్య మాత్రం ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

అందుకే, బిడ్డ అనూహ్య ఐసు డబ్బా పట్టుకుని బస్సు దిగిన రోజు అతను ఆ డబ్బా వంక అనుమానంగా చూశాడు.

అనూహ్య పదేళ్లప్పుడు కల్లు సీసాకు బిరడా బిగించి బియ్యం గుమ్మిలో దాచింది. రెండో రోజు అది పేలింది. ఎందుకు పేలిందని అడిగితే జంగయ్య చెప్పలేకపోయాడు. ఆ పిల్ల పెద్దయ్యాక ఆ పులియడం గురించే చదివింది. ఇప్పుడు హైదరాబాదులో, బీరు కాచి అక్కడే పోసే చోట ఉద్యోగం.

"ఏముంది బిడ్డా దాంట్ల?"

"నల్ల బీరు బాపు. నేనే చేసిన. పదకొండు నెలలు చెక్క పీపల పెట్టిన. అంతకుముందు గా పీపల విస్కీ ఉండె."

పొద్దున కల్లు మాపటికి పులుస్తుంది. మర్నాడు పారబోస్తారు. నిన్నటి కల్లు అన్నది జంగయ్య నోట్లో ఒక తిట్టు.

"పదకొండు నెలలా? ఏడాది కల్లు తెచ్చినవు నాకు."

"మలీద లెక్క చేసిన బాపు. అమ్మ సద్దుల బతుకమ్మకు చేస్తది కద, రొట్టెలు నలిపి, బెల్లం, నెయ్యి, యాలకులు ఏసి. దీంట్ల రొట్టె లేదు, నెయ్యి లేదు. మాడ్చిన బార్లీ గింజలు, తాటి బెల్లం, యాలకులు. గంతే."

ఇంటి అరుగు మీద డబ్బా దించి అసలు మాట చెప్పింది.

"ఐతారం నాడు జనానికి పోస్తం. మా సారు ఇంగ్లీషు పేరు పెట్టమంటాండు. నేను మలీద అని పెడ్తనన్న. నువ్వు రేక చాపితేనే పెడ్త. బోర్లిస్తే ఉత్త నల్ల బీరు అని రాస్త."

జంగయ్య తల గోక్కున్నాడు. బోర్లిస్తే బిడ్డ మొహం చూడలేడు. బాగాలేనిదానికి రేక చాపితే ఇక రేపటి నుంచి ఎవరి రేకా పట్టుకోలేడు.

అప్పటికే గుర్వయ్య వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"బావా, నాది బోర్లిచ్చినవ్. ఇయ్యాల సొంత బిడ్డది. ఎట్ల బోర్లిస్తవో సూద్దామని పని ఇడిసిపెట్టి వచ్చిన."

"నువ్వు సూసెతందుకు రాలే, తాగెతందుకు వచ్చినవ్" అంది పుష్పమ్మ లోపలి నుంచి.

అనూహ్య తువ్వాలలో చుట్టి తెచ్చిన గాజు గ్లాసు తీసింది. సీసా ఒకటే ఉంది. వంచింది. గ్లాసు నిండినా సీసాలో సగం మిగిలింది. బొగ్గులాంటి నలుపు, పైన చింతపండు రంగు నురుగు. జంగయ్య అలవాటుగా రెండు చుక్కలు చెట్లెక్కేవాళ్ల దేవుడు కాటమయ్య పేర నేల మీద వదిలాడు. అలవాటుగానే నురుగు ఊదేశాడు.

"అయ్యో, ఊదకు బాపు! వాసనంత దాంట్లనే ఉంటది."

"పురుగులుంటయని ఊదిన."

"పురుగులు లెవ్వు."

ఒక గుక్క తాగాడు. నాలుక చల్లగా మొద్దుబారింది. తరువాత చేదు. తరువాత ఏమీ లేదు. ఇంకో గుక్క. అదే చేదు. మలీద ఎక్కడా లేదు.

పుష్పమ్మ కూడా గడపలోకి వచ్చింది. ముగ్గురూ అతని చెయ్యినే చూస్తున్నారు. చెయ్యి ఇటూ కదలలేదు, అటూ కదలలేదు.

"చెట్లకు యాళ్లయింది" అని, గ్లాసును అరుగు మీద పెట్టి, పైన మోదుగాకు కప్పాడు. చెట్టెక్కడానికి నిరుడు సర్కారు ఇచ్చిన కొత్త మోకు భుజాన వేసుకుని బయలుదేరాడు.

"ఉరుకుతాండు బావ!" గుర్వయ్య తొడ చరిచాడు.

మూడు చెట్లు ఎక్కాడు. మూడో చెట్టు మీద ఎక్కువసేపు ఉన్నాడు. అక్కడి నుంచి ఇల్లు కనబడుతుంది. బిడ్డ అరుగు మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది.

తిరిగొచ్చేసరికి ఎండ గ్లాసు మీద పడి ఉంది. ఆకు తీశాడు. చల్లదనం పోయింది. లోపలి నుంచి వాసన లేచింది. బెల్లం. దాని వెనుక తడిసి ఆరిన కట్టె. దాని వెనుక ఇంకేదో, బాగా తెలిసినది.

జంగయ్యకు అనుమానం వచ్చింది. ఇది తన ముక్కు చెప్పేదేనా? బిడ్డ ముందే చెప్పింది కనుక తండ్రి ముక్కు ఒప్పుకుంటోందా?

ఎవరితో ఏమీ అనకుండా గ్లాసు పట్టుకుని పక్కింటికి నడిచాడు. అక్కడ సైకిల్ షాపు లియాఖత్ అలీ ట్యూబుకు పంక్చరు వేస్తున్నాడు. ఒక్క చుక్క తాగని మనిషి.

"భాయ్, గిది తాగేటిది. నువ్వు తాగకు. ముక్కుతోటి చెప్పు, ఏమొస్తాంది."

"తోబా! సాయబు ముక్కుకు కల్లు జూపిస్తవా జంగన్నా?"

"కల్లు కాదు. జర జూడు."

లియాఖత్ అలీ చేతులు తుడుచుకుని మూరెడు దూరం నుంచి మెడ చాపాడు. కళ్లు మూసుకున్నాడు. తెరిచి, ఇంట్లో ఉన్న భార్యకు కేకేశాడు.

"గులాబ్‌బీ, మలీద చేస్తున్నవా? పీర్ల పండుగ ఇంక దూరముండె కద!"

"మలీద లేదు, ఏం లేదు. కూరగాయలు కోస్తున్న" అని జవాబు వచ్చింది.

లియాఖత్ అలీ గ్లాసు వైపు వింతగా చూశాడు. "మరి గీ దాంట్లకెల్లే వస్తాంది. అంచు మాడిన రొట్టెతోటి చేసిన మలీద."

అదీ, ఇందాక తన ముక్కుకు పేరు దొరకనిది. మాడిన అంచు. పెనం మీద రొట్టెను మరిచిపోయి పుష్పమ్మ తిట్టుకునే అంచు.

జంగయ్య తొందరపడకుండా ఇంటికి నడిచాడు. అనూహ్య లేచి నిలబడింది. సగం తాగాడు. తిప్పాడు. మింగాడు.

"యాలకులు జర ఎక్కువైనయ్ బిడ్డా."

అనూహ్య నోరు తెరిచింది. "యాలకులు రెండు దినాలే ఉంచుదామనుకున్న బాపు. దోస్తు పెండ్లికి పోయిన. నాలుగు దినాలైంది. మా సారు కూడ పట్టుకోలే."

"మంచుల ముంచి తెచ్చినవ్. చలికి రుచి ముడుసుకున్నది. జనానికి గట్ల పొయ్యకు."

"బోర్లియ్ బావా, బోర్లియ్!" గుర్వయ్య ముందుకు వంగాడు. ఆ వంగడంలో కొంచెం తూలాడు.

జంగయ్య మిగిలినది తాగాడు. గ్లాసు అడుగు చూసుకున్నాడు. రెండు చేతులా పట్టుకుని బిడ్డ ముందుకు చాపాడు.

అనూహ్య కళ్లు తుడుచుకుంటూ సీసా వంచింది. ఏమీ రాలేదు. ఇంకా వంచింది. ఒక్క చుక్క అంచున వేలాడి ఆగింది.

అందరూ గుర్వయ్య వైపు చూశారు.

"దగ్గుమందు లెక్కుండె" అన్నాడు గుర్వయ్య. "నాకు దగ్గుందని..."

"నీకు దగ్గెప్పుడొచ్చిందిరా?" పుష్పమ్మ చీపురు వెతుకుతోంది.

"దీంట్ల నీళ్లు గిట్ల కల్వలే బావా" అని వాకిట్లోకి ఉరికాడు గుర్వయ్య.

జంగయ్య చాపిన చేతులు ఇంకా వెనక్కి తీయలేదు.

"ఖాళీ అయింది బాపు."

"కనవడ్తాంది. పీపల ఉందా?"

"శాన ఉంది."

"ఐతారం వస్త. బోర్డు మీద పేరు తెలుగుల రాయి."

గోడ అవతలి నుంచి లియాఖత్ అలీ తల కనిపించింది.

"జంగన్నా, ముక్కు ఊరించి పోయినవ్. తినేటి మలీద ఏది?"

పుష్పమ్మ చీపురు పక్కన పడేసి పిండి కలపడానికి లోపలికి వెళ్లింది.