తుడిచాక తీసిన రీడింగ్

ఉద్యోగ విరమణకు మూడేళ్లు ఉందనగా, ఒక జూన్ మొదటి వారంలో, తిరుపతి శివార్లలోని ఒక ప్రైవేటు విమాన శిక్షణ సంస్థలో సర్టిఫైయింగ్ ఇంజనీరుగా చేరాను. తనిఖీ పూర్తయింది, ఇక ఎగరవచ్చు అని చివరి సంతకం చేసేవాణ్ణి మా వృత్తిలో అలా పిలుస్తారు. ఆ సంతకం పడనిదే విమానం హ్యాంగర్ దాటదు. నా కింద ముగ్గురు టెక్నీషియన్లు ఉండేవారు. వారిలో సీనియర్ ఖాదర్ బాషా. పాకాలలో వాళ్ల నాయనకు మోటార్ల వైండింగ్ దుకాణం ఉండేది. ఆ పనితనం కొడుక్కు చిన్నప్పుడే పట్టుబడింది. తర్వాత చదివి, పరీక్షలు రాసి, వాళ్లింట్లో విమానం మీద చెయ్యి వేసిన మొదటి మనిషయ్యాడు. పాకాల స్టేషన్లో దిగి ఖాదర్ ఇల్లెక్కడ అంటే "ఇమానాల ఖాదరా?" అని అడిగేవాళ్లట.

మావి రెండు సీట్ల చిన్న విమానాలు. వాటి ప్రొపెల్లర్ రెక్కల వాలును గాల్లో ఉండగానే మార్చవచ్చు. బస్సుకు గేర్లు ఎలాగో దీనికి ఈ వాలు అలాగ. పైకి లేవాలంటే వాలు తక్కువ ఉండాలి, తిన్నగా దూరం పోవాలంటే ఎక్కువ ఉండాలి. ఎక్కువ వాలుతో పైకి లేవబోవడం తిరుమల ఘాట్ రోడ్డును టాప్ గేర్లో ఎక్కబోవడమే. వాలు మార్చేది ప్రొపెల్లర్ నడుమ ఉండే చిన్న కరెంటు మోటారు. గిర్రున తిరిగేదానికి వైరు కట్టలేం కాబట్టి, స్లిప్ రింగులనే లోహపు వలయాలు, వాటికి ఒరుసుకుంటూ కార్బన్ బ్రష్‌లు ఉంటాయి. కరెంటు వాటి గుండానే మోటారుకు చేరుతుంది. బ్రష్ అరిగేకొద్దీ నల్లటి పొడి రాలుతుంది.

యాభై గంటలు ఎగిరినప్పుడల్లా తనిఖీ. ఇంజను ఆపి ఉంచి, రెక్కల వాలును ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి ఎన్ని సెకన్లు పట్టిందో, మోటారు ఎంత కరెంటు లాగిందో రాయాలి. బ్రష్ పొడవు కొలవాలి. కొసల్లో మోటారును ఆపే లిమిట్ స్విచ్‌లను పరీక్షించాలి. వీటన్నిటికంటే ముందు మా మాన్యువల్‌లో ఒక వాక్యం ఉండేది: శుభ్రం చేయకముందు ఉన్న స్థితిని చూసి నమోదు చేయాలి.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. దానికి తోడు శుభ్రత పిచ్చి. చేరిన నెలలోనే ఒక తనిఖీలో ఆ నల్లపొడి నా తెల్లచొక్కాకు అంటింది. అందరి ముందూ ఖాదర్ మీద విరుచుకుపడ్డాను.

"ఇది హ్యాంగరా, బొగ్గుల బట్టీనా? నేనొచ్చేలోపల తుడిసి పెట్టలేవాప్పా?"

ఆ తర్వాత నేను వెళ్లేసరికి స్లిప్ రింగులు అద్దాల్లా ఉండేవి. కొత్తగా చేరినవాళ్లను పిలిచి, పనంటే ఇట్లుండాల, సూడండి అని చూపించేవాణ్ణి. రీడింగు ప్రతిసారీ తొమ్మిది సెకన్లే వచ్చేది. లాగ్ పుస్తకంలో పేజీ తర్వాత పేజీ తొమ్మిది. యంత్రం పాతబడుతుంటే అంకె ఎందుకు మారడం లేదని నాకు అనుమానం రావాలి. రాలేదు సరికదా, గర్వపడ్డాను.

రెండో ఏడు వానాకాలంలో, ఒక ఉదయం, బోధకుడు శ్రీధర్ శిక్షణలో ఉన్న ఒకమ్మాయితో గూడూరు వైపు వెళ్లి తిరిగి వస్తున్నాడు. దిగే ముందు ఆ అమ్మాయి పద్ధతి ప్రకారం వాలు తగ్గించే స్విచ్ నొక్కింది. మోటారు కదిలి, మధ్యలోనే ఆగిపోయింది. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నందువల్ల వేగం చూపే మీటరులో తేడా కనపడలేదు. సరిగ్గా నేల తాకబోతుండగా రన్‌వే మీదికి కుక్క వచ్చింది. శ్రీధర్ మళ్లీ పైకి లేపడానికి ఇంజనుకు పూర్తి శక్తి ఇచ్చాడు. ఇంజను మూలిగింది గానీ విమానం లేవలేదు. రన్‌వే చివరి మామిడితోటలో పడింది. అమ్మాయికి భుజం ఎముక విరిగింది. శ్రీధర్ మూడోరోజు ఆసుపత్రిలో చనిపోయాడు. ముప్పై నాలుగేళ్లవాడు.

విచారణలో ప్రొపెల్లర్ విప్పారు. ఒక స్లిప్ రింగు కొద్దిగా ఓరగా అరిగి ఉంది. ఇంజను తిరుగుతున్నప్పుడు బ్రష్ దాని మీద ఎగిరెగిరి పడి కరెంటు తెగిపోయేది. ఆగి ఉన్నప్పుడు, అందులోనూ తుడిచాక, చక్కగా తగిలేది. పొడి ఒకవైపే ఎక్కువ రాలి ఉంటుందని, చూసి ఉంటే నెలల ముందే తెలిసేదని విచారణాధికారి అన్నాడు. ఆ పొడినే మేము ప్రతి తనిఖీకీ ముందు గుడ్డతో తుడిచేశాం.

ఆయన ఖాదర్‌ను అడిగాడు, ముందే తుడవమని ఎవరైనా చెప్పారా అని. నేను పక్క కుర్చీలో ఉన్నాను. ఖాదర్ నా వైపు ఒకసారి చూశాడు.

"ఎవురూ సెప్పలేదు సార్. నా అలవాటే అది."

నా వంతు వచ్చింది. నా ముందు పెట్టినదాన్ని నేను పరీక్షించాను అన్నాను. అది అబద్ధం కాదు. నిజమూ కాదు. ఖాదర్‌కు పని చేసే అనుమతి రద్దయింది. నాకు హెచ్చరిక లేఖ ఇచ్చి, గడువు తీరాక శాలువా కప్పి పంపారు.

రిటైరైన ఏడాదికి పాకాల వెళ్లాను. నాయన దుకాణంలోనే ఖాదర్ బోరు మోటారు విప్పుతున్నాడు. టీ తెప్పించాడు. ఆరోజు నా పేరు ఎందుకు చెప్పలేదని అడిగాను. చేతిలో పని ఆపకుండానే జవాబిచ్చాడు.

"మీరు పక్కనే కూర్సోనుండారు గదా సార్. మీరే సెప్తారని సూసినా."

ఇంటికొచ్చి, తుడవమన్నది నేనేనని విచారణాధికారి కార్యాలయానికి ఉత్తరం రాశాను. ఫైలు ముగిసిందని, తిరిగి తెరవడానికి వీల్లేదని రెండు వరుసల జవాబు వచ్చింది.

తనిఖీ అంటే ఉన్నదాన్ని ఉన్నట్టు చూడటం. ముందు కొలిచి రాయాలి, ఆ తర్వాతే గుడ్డ పట్టాలి. చిన్నవాళ్లు ఎవరైనా ఈ వృత్తి గురించి అడగడానికి వస్తే ఇది చెబుతాను. సంతకం పెట్టేవాడు తనను ఎవరూ అడగకముందే నోరు విప్పాలని కూడా చెబుతాను, ఆ రోజు నేను విప్పలేదనీ చెబుతాను. రికార్డులో ఆ తప్పు ఇప్పటికీ ఖాదర్ పేరు మీదే ఉంది.