నాన్న కోపానికి రక్తపరీక్ష

పెరట్లో కొత్తగా కట్టించిన బాత్‌రూమ్‌లో నాన్న అమ్మను కొట్టాడు. పెదవి చిట్లింది. మతిమరుపు జబ్బు ముదిరాక అది మొదటిసారి కాదు. ఇలాగే సాగితే అమ్మను నా దగ్గరకు పాడేరు తీసుకుపోవాలని, నాన్నను ఊళ్లోనే అన్నయ్య చూసుకోవాలని అన్నదమ్ములిద్దరం తేల్చాం. అమ్మ ససేమిరా అంది.

నేను ఆశ్రమ పాఠశాలలో సైన్సు చెబుతాను. మగ హార్మోనుకూ కోపానికీ చుట్టరికం ఉందని ఏటా పిల్లలకు ఊదరగొట్టేవాణ్ణి. ఎనభైకి దగ్గరపడిన మనిషిలో అది ఇంకా ఎంత మిగిలి ఉంటుంది? బాధకన్నా ముందు నాకు ఈ సందేహమే పుట్టింది. ఏం చేయను, నా బుద్ధే అంత.

విశాఖలో డాక్టరుగారిని అడిగాను. ఇలాంటి కొందరు మగవాళ్లకు ఆడ హార్మోను మాత్రలు వాడి చూశారట, కొందరు నెమ్మదించారట. గట్టిగా చెప్పలేమని, రక్తం గడ్డకట్టే ప్రమాదమూ ఉందని అన్నారు. ముందు రక్తం పరీక్ష చేయిద్దామని నేనే తొందరపడ్డాను.

సంగతి చెబితే అమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"కోడెకి యిత్తులు కొట్టినట్టు మీ నాన్నకి సేత్తారేట్రా?"

"కోత కాదమ్మా, మాత్రే."

"ఎద్దయితే దున్నుతాది. ఈయన్నేటి సేసుకోను?"

రిపోర్టులో మగ హార్మోను బాగా తక్కువని వచ్చింది. నిజం చెప్పొద్దూ, నాకు నిరాశే కలిగింది. ఆ అంకె ఒక్కటీ చూసి ఏదీ తేల్చలేమని, ఎప్పుడు కొడుతున్నాడో గమనించమని డాక్టరుగారు అన్నారు. గమనించడానికేముంది, బాత్‌రూమ్‌లోనే. అన్నం పెడితే బుద్ధిగా తింటాడు. కాలు జారుతుందని తలుపేసి, బట్టలన్నీ విప్పి, స్టూలు మీద కూర్చోబెడుతున్నది మేమే. మా కొండల్లో మగవాళ్లు గెడ్డకు పోయి, పారే వాగునీళ్లలో గోచీతోనే మునుగుతారు.

ఆదివారం నాన్నను గెడ్డకు నడిపించాను. గోచీతో నీళ్లలో చతికిలబడ్డాడు. వీపు తోముతుంటే కిక్కురుమనలేదు. అమ్మ తువ్వాలు పట్టుకుని గట్టు మీద కూర్చుంది. నాన్న నావైపు వంగి గుట్టుగా చెప్పాననుకున్నాడు గానీ, గొంతు పెద్దదే.

"ఆ గట్టుమీది ముసల్ది రోజూ నా గుడ్డలిప్పుతాది. రెండు తగిలించినా మానదు. మా ఇంటిదానికి సెప్పకు బాబూ, బాధపడతాది."

అమ్మవైపు చూశాను. ఆమె తువ్వాలు భుజాన వేసుకుని నీళ్ల అంచుకు వచ్చింది.

"సెప్పన్లే. బేగి తానం కానీ," అంది నాన్నతో. తర్వాత నావైపు తిరిగింది.

"నన్నింక పాడేరు రమ్మనకు."