కుడి భుజం మీద జంధ్యం

అక్క పెళ్ళి ఫోటోలు నేనే తీశాను. ఈ మాట ఇప్పుడింత సులువుగా రాస్తున్నాను గానీ, ఆ రోజుల్లో నలుగురిలో ఎవరైనా ఆ మాట ఎత్తితే వంటింట్లోకి వెళ్ళి తలుపు వెనక నిలబడేదాన్ని.

మద్రాసులో ఉద్యోగం చేసే చిన్నమావయ్య పెళ్ళికి గుడివాడ వస్తూ, నల్లటి కెమెరా పెట్టె ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"నీకు మాట్లాడటం చేతకాదు గదా. మాట్లాడకుండా చేసే పని ఇదొక్కటే ఉంది. తీసుకో" అన్నాడు.

బందరు నుంచి స్టూడియో ఆయన్ని పిలిపిస్తే, ముహూర్తం వేళ నల్లగుడ్డలో తల దూర్చి అందరినీ కదలొద్దంటాడని నాన్నకు భయం. అందుకని ఆ పని నా మీద పడింది. పగటి ముహూర్తం. పందిట్లో ఒక పక్క తాటాకులు తీయించి వెలుతురు వచ్చేట్టు చేశారు.

ఆ పెట్టెను పొట్టకు ఆనించి పట్టుకోవాలి. దాని నెత్తిమీద తపాలాబిళ్ళంత గాజు కిటికీ ఉంటుంది. తల వంచి అందులోకి చూస్తే ఎదురుగా ఉన్నవాళ్ళు చిన్నచిన్న బొమ్మల్లా కనిపిస్తారు. ఎవరి ముఖంలోకీ తిన్నగా చూడనక్కర్లేదు గనక అది నాకు బాగా నచ్చింది. ఒకటే ఇబ్బంది. మనుషులు కిటికీలోంచి ఒక పక్కకు తప్పుకుంటే నేను పెట్టెను ఎప్పుడూ తప్పు వైపుకే తిప్పేదాన్ని. "అటు కాదే, ఇటు! ఎన్నిసార్లు చెప్పాలి!" అని మావయ్య నెత్తిమీద మొట్టేవాడు. అక్క మెడలో సూత్రం పడటం నేను కళ్ళెత్తి చూడలేదు. గట్టిమేళం మోగుతూంటే, అందరూ అక్షింతలు విసురుతూంటే, ఆ గాజుముక్కలోనే చూసి మీట నొక్కాను.

ఫిల్మును బందరు స్టూడియోలో కడిగించారు. ప్రింట్లు నేనే వేసుకున్నాను. చెక్క చట్రంలో నెగెటివు పెట్టి, దాని మీద ఎండకు రంగు తేలే కాగితం పరిచి, వెనక మూత బిగించి డాబా మీద ఎండలో ఉంచాలి. బొమ్మ తేలాక, ఇంకా నల్లబడకుండా నిలిచిపోవడానికి హైపో నీళ్ళలో వేయాలి. మావయ్య తిరిగి మద్రాసు వెళ్ళేలోపల నాకు నేర్పిన విద్య అది.

మా ఇంట్లో వచ్చిన అభిప్రాయాలు ఏమంత భయంకరమైనవి కావు. "బొట్టేవిటే ఇంత నల్లగా పడింది, చాదు పెట్టినట్టు?" అంది అమ్మ. ఎరుపు ఆ ఫిల్ములో నల్లగానే పడుతుందని నేను గొణిగాను. "నన్ను తీయలేదేం, నేను కట్నం చదివించలేదనా?" అంది పెద్దమ్మ. నాన్న ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, "బాగానే ఉన్నాయి" అని పక్కన పెట్టారు. ఆయన అంతకంటే ఎవరినీ పొగడరు. ఆ రాత్రి డైరీలో ఆ మాట రాసుకుని సంతోషంగా నిద్రపోయాను.

ఒక వరస ఫోటోలు దివిసీమలో ఉన్న అక్క అత్తవారింటికి పంపించాం. శ్రావణంలో అక్కను కాపురానికి పంపాలని అనుకున్నారు. అప్పటికే అమ్మ సారెకు సున్నుండలు ఎవరితో చుట్టించాలా అని ఆలోచిస్తోంది.

ఆషాఢం చివర్లో, మోపిదేవి వెళ్ళి స్వామి దర్శనం చేసుకుని వచ్చిన మా పక్కింటావిడ కబురు తెచ్చింది.

"మీ వియ్యాలవారు ముహూర్తం ఆపమన్నారండీ. మిమ్మల్నొకసారి రమ్మన్నారు. ఆ ఫోటోలు తీసిన పిల్లను కూడా వెంటబెట్టుకు రమ్మన్నారు."

"ఎందుకుట?" అన్నారు నాన్న.

"నేనడిగితే చెప్పలేదండీ. మీ వియ్యపురాలి ముఖం మాత్రం బాగాలేదు."

అక్క చీరలు మడతపెట్టి పెట్టెలో సర్దుకుంటోంది. ఆ చేతులు ఆగిపోయాయి. నా వైపు చూసి మెల్లగా, "ఏం తీశావే?" అంది. అక్క నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు నాన్నా నేనూ బందరు రైలెక్కాం. అక్కడ దిగి బస్సులో రేవు దాకా వెళ్ళి, పడవలో ఏరు దాటాం. ఎర్రటి కొత్తనీరు వచ్చి ఉంది. నేను తీసిన ఫోటోలన్నీ ఒక్కొక్కటే మనసులో తలుచుకున్నాను. ఎవరి పక్కన ఎవరిని నిలబెట్టాను? చూడకూడనిదేదైనా పడిందా? ఎవరైనా విసుక్కుంటున్నప్పుడు తీశానా? ఎంత వెతికినా తప్పు దొరకలేదు. దొరకని కొద్దీ భయం ఎక్కువైంది. అవతలి ఒడ్డున వాళ్ళ బండి సిద్ధంగా ఉంది. బండి పంపారంటే కోపం లేదేమోనన్న ఆశ ఒక్కటే నన్ను ఆ ఇంటిదాకా తీసుకెళ్ళింది.

అక్క అత్తగారు కాళ్ళకు నీళ్ళిచ్చారు, మజ్జిగ ఇచ్చారు. అక్క ఎలా ఉందని మాత్రం అడగలేదు.

"ఏం పిల్లా, నా తల ఎక్కడ పెట్టావు?" అన్నారు నాతో.

నాకు అర్థం కాలేదు.

"సూత్రం కట్టే ఫోటోలో వాడి వెనక నిలబడ్డాను గదా. మెడ దాకా తీసి పైన కోసేశావు. నా జబ్బ మీది దండవంకీ చూసి నేనని పోల్చుకున్నారు."

ఆ మాట కోసమే పిలిపించారేమో, తిట్లు తిని వెళ్ళిపోవచ్చని ఒక్క క్షణం ప్రాణం లేచివచ్చింది. కానీ ఆవిడ నవ్వలేదు.

అక్క మామగారు వసారాలో పడకకుర్చీలో ఉన్నారు. పంచాంగంలో సన్న అక్షరాలు చదవడానికి వాడే భూతద్దం ఆయన ఒళ్ళో ఉంది. అదే ఫోటో, భూతద్దం రెండూ నా చేతికిచ్చారు.

"ఇలా వెలుతురులో నిలబడి చూడమ్మాయీ. పెళ్ళికొడుకు జంధ్యం ఏ భుజం మీద ఉంది?"

చూశాను. ఉత్తరీయం జారిన చోట సన్నని తెల్లని గీత.

"కుడి..."

"కుడి భుజం మీద ఎప్పుడు వేసుకుంటారో తెలుసునా?"

తెలుసు. తాతగారి తద్దినం నాడు నాన్న వేసుకుంటారు. చనిపోయినవాళ్ళకు నీళ్ళు వదిలేటప్పుడు వేసుకుంటారు. ఆ మాట పెళ్ళి ఫోటో చేతిలో పెట్టుకుని పైకి అనలేకపోయాను.

నాన్న ఫోటో తీసుకుని చూశారు. మళ్ళీ నా చేతిలోనే పెట్టేశారు.

"బావగారూ, మా పురోహితుడు అంత పొరపాటు చెయ్యడండీ."

"నేనూ అదే అనుకున్నానండీ. కానీ మనిషి పొరబడతాడు గాని ఫోటో పొరబడదు గదా."

"అబ్బాయినే అడిగితే..."

స్తంభానికి ఆనుకుని నిలబడ్డ బావ, "నాకేం గుర్తుందండీ! మధుపర్కాలు కట్టుకుని పరుగున వచ్చి కూర్చున్నాను. అక్షింత ఒకటి చెవిలో దూరి దురద పెట్టేస్తోంది. అదొక్కటే గుర్తు" అన్నాడు.

"నీకన్నీ వేళాకోళమే" అన్నారు వాళ్ళమ్మగారు. నాన్న వైపు తిరిగారు. "మీకు తెలియందేముంది అన్నయ్యగారూ. పెద్దవాడికి పెళ్ళి నిశ్చయం చేసుకుని ఇంటికి సున్నాలు కొట్టించాం. ఆ సున్నం ఆరకముందే జ్వరం వచ్చి పోయాడు. ఇప్పుడు వీడు సూత్రం కట్టే వేళ ఇలా ఉంటే, నేను పిల్లను ఏ ధైర్యంతో తెచ్చుకోను? ఏం శాంతి చెయ్యాలో అడిగిస్తాం. ఏడాది గడవనివ్వండి. అప్పుడు చూద్దాం."

ఏడాది! మా వీధిలో ఆ ఏడాది ఏమేమి మాటలు పుడతాయో నాకు తెలుసు. పెళ్ళయి పుట్టింట్లో ఉండిపోయిన పిల్లను అందరూ ఏం పాపం చేసిందో అన్నట్టు చూస్తారు. ఆ తర్వాత వెళ్ళినా, బావకు చిన్న జలుబు చేస్తే చాలు, ఈ ఇంట్లో అందరి కళ్ళూ అక్క వైపు తిరుగుతాయి.

అత్తగారు నా దగ్గరకొచ్చి గడ్డం పట్టుకున్నారు.

"అందరం అక్షింతల గొడవలో ఉన్నాం. రెప్ప వెయ్యకుండా చూస్తున్నది నువ్వొక్కదానివే. అందుకే నిన్ను రమ్మన్నాను తల్లీ. నువ్వు అబద్ధమాడే పిల్లవి కావు. కళ్ళారా చూసింది చెప్పు. ఎటుంది?"

కళ్ళు మూసుకున్నాను. గాజుకిటికీలో బావ వంగి ఉన్నాడు, చేతిలో పసుపుతాడు. ఆ దృశ్యం చెరగకుండా నాలో ఉంది. అందులోనూ జంధ్యం కుడి భుజం మీదే ఉంది.

అంత భయం నేను జీవితంలో ఎరగను. నేను చూసింది చూసినట్టు చెబితే, ఏడాది తర్వాత కూడా అక్కను రమ్మంటారో లేదో. ఎడమ అని చెబితే చేతిలో ఉన్న ఫోటోయే నన్ను కాదంటుంది. 

"మరదలు పిల్ల నోరు విప్పేసరికి వరికోతలొస్తాయి" అన్నాడు బావ.

తల ఇంకా దించుకున్నాను. అప్పుడు చేతిలోని ఫోటోలో, బావ వెనక తల లేని ఆవిడ కనిపించింది. ఆ మొండి భుజం మీద పైట. ఎందుకో ఆ పైట వింతగా తోచింది. కళ్ళెత్తి ఎదురుగా ఉన్న అత్తగారిని చూశాను. మళ్ళీ ఫోటో చూశాను. తర్వాత నా భుజం తడుముకున్నాను. "అటు కాదే, ఇటు!" అని మొట్టిన మావయ్య మొట్టికాయ అప్పుడు తలలో మళ్ళీ పడింది.

"అత్తయ్యగారూ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "మీ పైట..."

ఆవిడ గబుక్కున పైట సర్దుకున్నారు. "నా పైటకేవైందే?"

"ఇప్పుడు కాదండీ. ఫోటోలో. కుడి భుజం మీద ఉంది. అక్కదీ కుడి భుజం మీదే ఉంది. అందరిదీ..."

మామగారు భూతద్దం లాక్కున్నారు. నా చేతిలోని ఫోటో మీదికి వంగి ఒక్కొక్క భుజమే చూశారు. నేను మళ్ళీ నోరు విప్పకపోతే ఇంకెప్పటికీ విప్పలేనని తెలిసి, "అద్దం ఇప్పించండి" అన్నాను.

బావ గడ్డం గీసుకునే అద్దం తెచ్చాడు. ఫోటోను దాని ఎదుట పట్టుకున్నాను. అద్దంలో బావ జంధ్యం ఎడమ భుజం మీదికి వచ్చింది. పైటలన్నీ ఎడమకు వచ్చాయి. నెగెటివును చట్రంలో తిరగేసి పెట్టి అచ్చు వేశానని, పెట్టె మీది కిటికీ కూడా అద్దమే గనక నేను చూసింది కూడా తిరగబడే కనిపించిందని, ముక్కలు ముక్కలుగా చెప్పాను. సగం మాటలు నాన్న పూర్తిచేశారు.

"పిల్ల చెప్పింది నిజమేనే" అన్నారు మామగారు.

అత్తగారు అద్దంలోకి చూశారు, కాగితం చూశారు.

"అద్దంలో బాగుంటే నాకేం లాభం? కాగితంలో ఇలాగే ఉంది గదా" అన్నారు. నా వైపు తిరిగి, "తిన్నగా అచ్చు వేసి తీసుకురా. నా చేత్తో పట్టుకుని చూస్తాను. అందులో సవ్యంగా ఉంటే, శ్రావణంలోనే పిల్లను తీసుకురండి" అన్నారు.

వచ్చేటప్పుడు ఆ తప్పు ఫోటో నాకే ఇచ్చేశారు. బతికున్న దంపతుల బొమ్మ చింపకూడదు, కాల్చకూడదు. పడవలో గాలి విసురుకు అది ఏట్లో పడిపోతుందేమోనని రెండు చేతులతో గుండెకు అదుముకుని కూర్చున్నాను.

గుడివాడ చేరాక కొత్త భయం పట్టుకుంది. తిరగేసి వేసినా అలాగే వస్తే? పైటల సంగతి నాకు సరిగ్గా అర్థం కాకపోయి ఉంటే? మబ్బులు. ఎండ కోసం రెండు రోజులు డాబా మెట్ల మీద పడిగాపులు పడ్డాను. ఎండ రాగానే నెగెటివు మెరిసే వైపు కాకుండా మసక వైపు కాగితానికి తగిలేట్టు పెట్టి, ఒకటికి పదిసార్లు చూసి బిగించాను. అక్క నా వెనకే నిలబడింది, దగ్గరకు మాత్రం రాలేదు.

చట్రం మూత సగం తీసి, కాగితం అంచు ఎత్తి చూడవచ్చు. ఆ సగంలో ముందు అక్క పైట తేలింది. ఎడమ. మూత మళ్ళీ వేసి, రెండో సగం తెరవడానికి నా వేళ్ళు రాలేదు.

"ఎటుందే?" అంది అక్క.

తెరిచాను. కాగితం ఇంకా లేత గోధుమరంగులోనే ఉంది. బావ భుజం, ఉత్తరీయం మడత, తర్వాత సన్నని తెల్ల గీత.

"ఎడమ" అన్నాను.

అక్క కాలిపోతున్న డాబా మీద అలాగే కూర్చుండిపోయింది.

శ్రావణంలో అక్క వెళ్ళింది. ఆ ఫోటోను పట్టుగుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని ఏరు దాటింది. అత్తగారు గడపలోనే దాన్ని అడిగి తీసుకుని, భూతద్దం పెట్టి చూసి, ఆ తర్వాతే హారతి తెమ్మన్నారట. ఇప్పుడది వాళ్ళ హాల్లో గోడకు ఉంది. వచ్చినవాళ్ళందరికీ, "ఆ తల లేనిదాన్ని నేనే. మా కోడలి చెల్లెలు కోసేసింది" అని చూపిస్తారని అక్క దసరాకు వచ్చినప్పుడు చెప్పింది.

తప్పు ఫోటో నా బట్టల పెట్టె అడుగున ఉంది. యుద్ధం వచ్చాక ఫిల్ము దొరకడం లేదు, కెమెరా కూడా దాని పక్కనే పడి ఉంది. ఎప్పుడైనా అక్క మీద బెంగ పుట్టి ఆ ఫోటో చూడాలనిపిస్తే, బొమ్మ నాకు కనపడకుండా అద్దం వైపు తిప్పి పట్టుకుని, అద్దంలో చూస్తాను. తిన్నగా చూసే ధైర్యం నాకింకా రాలేదు.