అన్నయ్య పెట్టిన వేగం

ఆదివారం భోజనాలయ్యాక క్లచ్ మాస్టారు మెట్లు దిగి కింది వాటాలోకి వచ్చేవాడు. సోఫాలో కుడి మూల ఆయనది. చొక్కా పై గుండీ తీసుకుని, అక్కడ సర్దుకుని కూర్చుని, "ఏం చిన్నీ, ఇవాళైనా బంతి కనబడుతుందా?" అని అడిగేవాడు. చెల్లెలు నవ్వి వీడియో గేమ్ రెండో కంట్రోలర్ చేతిలోకి తీసుకునేది. కొన్నేళ్లుగా ఆ ఇంట్లో ఆదివారాలు అలాగే గడిచాయి.

ఆయన పని జనానికి కారు నడపడం నేర్పించడం. పాఠం జరుగుతున్నంతసేపూ "క్లచ్, క్లచ్" అని పక్కసీట్లోంచి గొంతు చించుకుంటాడు కాబట్టి ఆ పేరు ఖాయమైపోయింది. చెల్లెలు అద్దాల కొట్లో పనిచేస్తుంది. కిటికీలకూ, బల్లలకూ, స్నానాల గది అలమరలకూ కొలతకు తగ్గట్టు అద్దం కోస్తుంది. కొట్లో చిన్నా పెద్దా అందరికీ ఆమె అద్దాలక్క. నలభై దాటింది. పెళ్లి మాటెత్తితే, కుదరలేదండీ అని ఒక్క ముక్కలో తేల్చేసి చేతిలో పని చూసుకుంటుంది. పై వాటాలో అన్నావదినలు, కింద ఆమె.

ఆ ఆట మెషిన్ కొన్నది అన్నయ్యే. ఆ గోల తన నెత్తి మీద పెట్టుకోనని వదిన తెగేసి చెప్పడంతో అది అద్దాలక్క టీవీ కిందికి చేరింది. వైర్లు తగిలించి, ఇద్దరి పేర్లూ ఎక్కించి, అన్నీ ఆయనే సిద్ధం చేశాడు. నువ్వు ఆడుకో, అంతే తప్ప లోపల ఏవీ కెలక్కు, ఒకటి నొక్కబోయి ఇంకోటి నొక్కితే మొత్తం పోతుంది అని మరీ మరీ చెప్పాడు. ఆమె కెలకలేదు.

అందులో ఆట బేస్‌బాల్. ఎదురుగా ఒకడు మట్టి దిబ్బ మీద నిలబడి, కాలు పైకెత్తి బంతి విసురుతాడు. మన మనిషి గుండ్రటి బ్యాట్ పట్టుకుని కాచుకుని ఉంటాడు. బంతి ఎక్కడికొస్తుందో చూసి సరిగ్గా ఆ క్షణానికి బటన్ నొక్కాలి. రెప్పపాటు ముందైనా, వెనకైనా బ్యాట్ గాల్లో తిరిగి ఊరుకుంటుంది. మూడుసార్లు తప్పితే మనిషి తల దించుకుని లోపలికి పోతాడు. తర్వాత మన వంతు విసరడం, ఎదుటివాడి వంతు కొట్టడం.

కొత్తలో ఒక ఆదివారం ఆమె అన్నయ్యను ఓడించింది. ఎలా ఓడించిందో ఆమెకే తెలియదు, కొట్టిన ప్రతి బంతీ ఎటో అటు వెళ్లింది. కొత్తవాళ్ల అదృష్టం అన్నాడాయన. ఆ తర్వాత మళ్లీ గెలిచింది లేదు. ఆమె కొట్టే వంతు వచ్చేసరికి బంతి చేతిలోంచి బయటపడిందో లేదో వెనక కాచుకున్నవాడి గ్లవ్‌లో ఉండేది. ఆమె విసిరే వంతులో అదే బంతి షికారుకెళ్లినట్టు తాపీగా పోయేది, అన్నయ్య దాన్ని ప్రేక్షకుల్లోకి కొట్టేవాడు. నా బంతి అంత మెల్లగా పోతుందేమిటని ఒకసారి అడిగింది. బటన్ గట్టిగా నొక్కడం లేదన్నాడు. మరుసటి వారం బొటనవేలు ఎర్రబడేదాకా నొక్కింది. బంతి వేగం మాత్రం పెరగలేదు.

ఆయన విసుక్కునేవాడు కాదు, ఓదార్చేవాడు. కొందరికి కన్ను చూసింది చేతికి చేరేసరికి ఆలస్యమవుతుంది, అది పుట్టుకతో వచ్చేది, నువ్వు బాధపడి లాభం లేదు అనేవాడు. ఈ మాట ఆమెకు కొత్త కాదు. పాతికేళ్లు కూడా నిండని రోజుల్లో కారు నేర్పమని ఆయన్ని బతిమాలి ఒప్పించింది. మొదటి పాఠంలోనే, నాలుగు రోడ్లు కలిసే చోట బండి గుంజుకుని ఆగిపోయింది. నేర్పేవాడి కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది, దాన్ని ఆయన తొక్కాడు. నేను లేకపోతే ఆ సైకిలు మనిషిని గుద్దేసేదానివి, నీకు ఆ చురుకు లేదమ్మా అన్నాడు. ఆమె దిగిపోయింది. రెండో పాఠం జరగలేదు. అప్పటినుంచీ బస్సే. దూరపు ఇళ్లకు కొలతలు తీసే పని కారు నడపడం వచ్చినవాళ్లకు ఇస్తారు కాబట్టి అదీ ఆమెకు దక్కలేదు. దానికి ఎవరి మీదా నిష్ఠూరం పెట్టుకోలేదు. తన చేతి తీరే అంత అనుకుంది.

ఆటలో మాత్రం ఎందుకో పంతం వచ్చింది. పొద్దున్నే పనికి వెళ్లేముందు, టీ గ్లాసు పక్కన పెట్టుకుని, ఒక్కతే సాధన మొదలుపెట్టింది. మొదట వచ్చిన ప్రతిదానికీ బ్యాట్ ఊపేది. కొన్నాళ్లకు అసలు ఊపకుండా, ఊరికే చూడటం నేర్చుకుంది. చూడగా చూడగా ఒకటి తెలిసింది. బంతిని చూస్తే అప్పటికే ఆలస్యం. విసిరేవాడి చేతిని చూడాలి. మణికట్టు నిటారుగా ఉంటే బంతి తిన్నగా వస్తుంది, పక్కకు ఒరిగితే చివర్లో కిందికి జారుతుంది. ఆ జారేదాన్ని వదిలెయ్యాలి, ఎంత ఊరించినా దాని జోలికి పోకూడదు. తర్వాత, బ్యాట్ అందే చోటంతా కాపలా కాయడం మానేసి, మోకాలి ఎత్తున లోపలి వైపుకు వచ్చే బంతి ఒక్కటే నాది అనుకుంది. అది వస్తే కొడుతుంది, రాకపోతే ఓర్చుకుంటుంది. అద్దం కోసేటప్పుడు ఊపిరి బిగబట్టే అలవాటు ఆమెకుంది. ఆటలో అది పనికిరాలేదు, భుజాలు బిగుసుకుపోయాయి. నోరు కాస్త తెరిచి ఊపిరి వదులుతూ నొక్కితే వేలు తేలిగ్గా కదిలింది.

అలా అడపాదడపా బ్యాట్‌కు బంతి తగలడం మొదలైంది. ఒక ఆదివారం వరసగా కొట్టి ఆయన స్కోరు దాకా వచ్చేసింది. అన్నయ్య మెచ్చుకున్నాడు. మంచినీళ్లు తెమ్మని ఆమెను వంటింట్లోకి పంపాడు. మరుసటి రోజు పొద్దున సాధనకు కూర్చుంటే బంతి మునుపటికన్నా వడిగా వచ్చింది. నిన్నటిదంతా గాలివాటమే అన్నమాట అనుకుని మళ్లీ మొదటికొచ్చింది. ఇలా చాలాసార్లు జరిగింది. కాస్త అందుకోగానే అది చేయి దాటిపోయేది.

ఆ వానాకాలం కొట్లో పని మందగించింది. తడిసిన కిటికీ చట్రాలకు అద్దం బిగించలేరు, సరుకు బయటికి పోదు. విశ్రాంతి గదిలోని టీవీకి వ్యాన్ డ్రైవరు తన ఆట మెషిన్ తెచ్చి తగిలించాడు. ఆమె ఈడువాడే, మనిషి మంచి మాటకారి. అందరితోనూ పందెం కడుతున్నాడు. చూస్తే అదే ఆట. అక్కా, రెండు బంతులు ఆడు అన్నాడు. నాకు చేతకాదని తప్పించుకోబోయింది. అందరూ పట్టుబట్టి కూర్చోబెట్టారు.

దిబ్బ మీది మనిషి కాలెత్తి బంతి విసిరాడు. బంతి వస్తోంది. ఇంకా వస్తోంది. మధ్యలో ఎక్కడో ఆగిందేమోనని ఆమెకు అనుమానం వచ్చింది. ఎంత తీరిగ్గా వచ్చిందంటే, దాని మీది కుట్లు కూడా కనబడ్డాయి. కొట్టింది. అది స్టేడియం గోడ దాటింది. రెండోదీ అంతే. డ్రైవరు సర్దుకుని కూర్చున్నాడు. జారే బంతులు వేశాడు, ఆమె ముట్టుకోలేదు. లోపలికి వేశాడు, దంచింది. వెనక నిలబడ్డవాళ్లు ఈలలు వేస్తున్నారు. ఆమెకు సంతోషం కలగలేదు, ఏదో పొరపాటు జరిగిందనిపించింది. మీ మెషిన్ బాగా లేనట్టుంది, మా ఇంట్లో బంతి ఇలా రాదు అని డ్రైవరుతో చెప్పింది.

అతను ఎగాదిగా చూశాడు. "ఇది మామూలు వేగమే అక్కా. మీ ఇంట్లో ఎలా వస్తుంది?"

చెప్పింది. అతను తల గోక్కున్నాడు. ఆ సాయంత్రం బస్టాపు దాకా ఎందుకు, ఇంటి దగ్గరే దింపుతానని వ్యాన్‌లో ఎక్కించుకుని వచ్చాడు. ఇంట్లోకి వచ్చి, ఎప్పుడూ కెలకొద్దని అన్నయ్య చెప్పిన చోటికి రెండు నొక్కుల్లో వెళ్లాడు. తెర మీద రెండు పేర్లు పక్కపక్కన వచ్చాయి. ఒక్కొక్కరికీ విడివిడిగా ఆట ఎంత కష్టంగా ఉండాలో అక్కడ పెట్టుకోవచ్చట. అన్నయ్య పేరు కింద బంతి వేగం అన్నిటికన్నా తక్కువ, బటన్ కాస్త ముందూ వెనకా నొక్కినా చెల్లుతుంది. చిన్ని అనే పేరు కింద వేగం గీత ఆ చివరిదాకా ఉంది. బటన్ వెంట్రుకవాసి తప్పినా బ్యాట్ తగలదు.

"దానంతట అదే మారిందేమో," అంది ఆమె.

"ఇది దానంతట అది మారదక్కా," అన్నాడతను. కాసేపు తచ్చాడి, కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

ఆమె ఆ గీతల్ని చూస్తూ కూర్చుండిపోయింది. మొదట నవ్వొచ్చింది. ఆటేగా, పిల్లచేష్ట అనుకుంది. వంటింట్లోకి వెళ్లి బియ్యం కడుగుతుంటే మంచినీళ్ల సంగతి గుర్తొచ్చింది. తను బాగా ఆడిన ప్రతిసారీ ఆయనకు దాహం వేసేది. తను గ్లాసు కడిగి, నీళ్లు నింపి, పళ్లెంలో పెట్టుకుని తెచ్చేలోపు ఆయన చిన్ని పేరు కింద వేగం పెంచేవాడు. ఆ గ్లాసు అందుకుంటూ "చల్లగా ఉన్నాయమ్మా" అనేవాడు. అక్కడ ఆమెకు నవ్వు ఆగిపోయింది. బియ్యం అలాగే గిన్నెలో వదిలేసి గోడకు ఆనుకుని నిలబడింది.

ఆదివారం ఆయన మామూలుగానే వచ్చాడు, మామూలుగానే అడిగాడు. ఆమె కంట్రోలర్ తీసుకోలేదు. టీవీలో ఆ రెండు పేర్ల పేజీ తెరిచి ఉంచింది. ఆయన చూశాడు. ముఖం ఒక్కసారి ఎర్రబడి, వెంటనే సర్దుకుంది.

ఇదా, ఎప్పుడో సరదాకి పెట్టాను, మార్చడం మర్చిపోయాను అన్నాడు. వారం వారం మర్చిపోయావా అని ఆమె అడిగింది. ఆయన సోఫా చేతిమీది దారం పోగు ఒకటి లాగుతూ కూర్చున్నాడు. మొదట్లో నువ్వు నన్ను ఓడించావు గుర్తుందా, ఆ సాయంత్రమంతా నాకు అన్నం సహించలేదు అన్నాడు చివరికి. రోజంతా ఎవరో ఒకరి చేత తిట్లు తింటాను, నేర్చుకున్నవాడు మళ్లీ పలకరించడు, ఇక్కడికొస్తే కాస్త గెలిచినట్టుండేది అని కూడా అన్నాడు. అబద్ధం చెప్పడం లేదని ఆమెకు అర్థమైంది. అయినా కరగలేదు.

"నా బంతి మెల్లగా పోతుందంటే, బటన్ గట్టిగా నొక్కమన్నావు. నొక్కాను అన్నయ్యా. వేలు వాచింది, నీకు చూపించాను కూడా."

ఆయన ఆ దారం పోగును వేలికి చుట్టుకున్నాడు.

"ఆ రోజు కార్లో బ్రేకు తొక్కావు. నిజంగా గుద్దేదాన్నా?"

"ఎప్పటి మాట అది. గుర్తులేదు."

"నాకు గుర్తుంది. సైకిలు మనిషి రోడ్డుకు అవతలి పక్క ఉన్నాడు."

"గుర్తులేదంటున్నానుగా చిన్నీ."

అవునన్నా ఆమె తట్టుకునేది, కాదన్నా తట్టుకునేది. ఈ మాటతో ఏం చేయాలో తెలియలేదు. రెండు పేర్ల కిందా వేగాలు సమానం చేసి, ఆడదామంది. ఆయన వద్దనలేక ఆడాడు. ఆయనకు ఒక్క బంతీ తగల్లేదు. ఊపిన ప్రతిసారీ బ్యాట్ ఆలస్యంగా తిరిగింది. ఆమెకు మాత్రం పొద్దుటి సాధనలన్నీ చేతిలోనే ఉన్నాయి, కొట్టినవి కొట్టినట్టు వెళ్లాయి. సగంలో ఆయన వైపు చూస్తే నుదుటి మీద చెమట పట్టి ఉంది. గెలవబుద్ధి కాలేదు, ఓడబుద్ధీ కాలేదు. కంట్రోలర్ బల్ల మీద పెట్టేసి, వెళ్లు అన్నయ్యా అంది.

మర్నాడు వదిన దిగి వచ్చింది. మీ అన్నయ్య ముద్ద ముట్టడం లేదు, ఆట కోసం ఇంత పట్టింపా అని మొదలుపెట్టి, మాటల్లో మాటగా ఆ సంగతి తనకు ముందే తెలుసంది. పైకొచ్చి ఆయనే నవ్వుతూ చెప్పాడట.

"మగాడన్నాక ఎక్కడో ఒకచోట గెలవాలి కదా, పోనీలే అనుకున్నానమ్మా."

"ఎక్కడో ఒకచోట అంటే నా దగ్గరా వదినా?"

వదిన చీర కుచ్చిళ్లు సర్దుకుంది. అద్దాలక్కకు అన్నయ్య మీదకన్నా ఆ పూట వదిన మీద ఎక్కువ కోపం వచ్చింది. పైన ఇద్దరూ కూర్చుని తన వాచిన వేలు గురించి నవ్వుకుని ఉంటారని ఒక ఊహ వచ్చింది. అది నిజమో కాదో అడగలేదు. అడిగినా నమ్మేది కాదు.

మెషిన్ పైకి పంపించేసింది. ఆటను మాత్రం వదల్లేదు. కొట్లో మధ్యాహ్నం విరామంలో ఆడుతోంది. వేగం ఒక్కో మెట్టూ పెంచి చూడమని డ్రైవరు అంటే పెంచింది. చివరి మెట్టు దగ్గర కూడా మూడింట ఒకటి కొడుతోంది. అంతకన్నా ఎవరూ కొట్టలేరక్కా అని అతను ప్రమాణం చేశాడు. ఆ మెచ్చుకోలు చెవికి బాగానే ఉంది కానీ లోపలికి దిగలేదు. ఎవరేం చెప్పినా ఇప్పుడు ఒకటికి రెండుసార్లు చూసుకోవాల్సి వస్తోంది. చిన్నప్పటినుంచీ అన్నయ్య చెప్పినవి ఎన్నో. నీ గొంతు పాటకు పనికిరాదన్నాడు. నీకు లెక్కలు అబ్బవన్నాడు. ఇష్టపడి అడిగినవాడొకడు ఉంటే, వాడు నిలకడలేనివాడని తేల్చాడు. వాటిలో ఏవి నిజమో, ఏవి దాహం వేసినప్పటి మాటలో ఇప్పుడెలా తెలుస్తుంది? పని చేసుకుంటూ చేసుకుంటూ ఒక్కోటి గుర్తొచ్చి ఆమె చేయి ఆగిపోయేది.

వానలు తగ్గాక వేరే డ్రైవింగ్ స్కూల్లో చేరింది. నేర్పేది ఒక పెద్దావిడ, మాట పొదుపు. నాలుగో పాఠమప్పుడు ఆవిడ అన్నది ఒకటే: "మీరు బ్రేకు మరీ ముందే వేస్తున్నారు. అంత భయం దేనికి?" దానికి అద్దాలక్క దగ్గర జవాబు ఉంది కానీ చెప్పలేదు.

ఒక పొద్దున ఆ స్కూలు కారు ఇంటి ముందు ఆగింది. ఆమె స్టీరింగ్ ముందు కూర్చుని, సీటు జరుపుకుని, పక్క అద్దం సరిచేసుకుని, తాళం తిప్పబోతోంది. అన్నయ్య గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. మాటలు లేక చాలా రోజులైంది. కారు మీద అవతలి స్కూలు పేరు చదివాడు. వెళ్లిపోతాడనుకుంది. రెండడుగులు ముందుకేసి, కిటికీ వైపు వంగి, "అద్దం చూసుకో చిన్నీ," అన్నాడు మెల్లగా.

అద్దం సరిగ్గానే ఉంది. అది ఆమెకు తెలుసు. అయినా ఆ గొంతు వినగానే చేయి దానంతట అదే లేచి అద్దం దాకా వెళ్లి, దాన్ని ఒక పిసరు పక్కకు తిప్పింది. ఇప్పుడు అందులో వెనక రోడ్డు కనబడటం లేదు, గేటూ, దాని ముందున్న మనిషీ కనబడుతున్నారు. ఆమె పళ్లు బిగించి దాన్ని మళ్లీ మునుపటి చోటికి తెచ్చుకుంది. పక్కసీట్లో పెద్దావిడ ఎదురుచూసింది. రోడ్డు ఖాళీగా ఉందని తన కళ్లతో తనే చూసుకుని, ఆమె బండి కదిలించింది.