ఆదాయం లేని నాలుగు నెలలు

మొన్న ఆదివారం మా మనవరాలు వచ్చి, నాలుగు పేజీల ఫారం ఒకటి నా పడకకుర్చీ చేతిమీద పెట్టి, కాస్త చూసి పెట్టు తాతయ్యా అంది. పోయినేడు తను పనిచేసే కంపెనీ మూతపడిందట, నాలుగు నెలల తరవాత వేరేచోట చిన్న జీతానికి కుదిరిందట, ఏడాది పొడుగునా అదే జీతం వస్తుందన్న లెక్కన మొదటి కంపెనీవాళ్ళు కోసుకున్న ఇన్‌కంటాక్సు ఇప్పుడు వాపసు అడగాలట. ఈ సంగతులన్నీ ఆ ఫారం చేతికి వచ్చాకే నాకు తెలిశాయి. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్క గడీ చదువుకుంటూ వెళితే మూడో పేజీలో, ఉద్యోగం లేని కాలంలో మీ జీవనాధారం ఏమిటి అన్న ప్రశ్న దగ్గర నా వేలు ఆగిపోయింది. సరిగ్గా ఈ ప్రశ్నే దాదాపు యాభై ఏళ్ళ కిందట నన్ను ఒక ఆఫీసరు అడిగాడు. ఫారం ఒళ్ళో పెట్టుకుని ఎంతసేపు అలా ఉండిపోయానో తెలియదు గాని, కాఫీ చల్లారిపోతోందని మా మనవరాలు రెండుసార్లు చెప్పిందట.

నా ఈడువాళ్ళకు చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో ఇన్‌కంటాక్సు కట్టడమంటే దొరలూ, పేరున్న వకీళ్ళూ చేసే పని. పాతికేళ్ళు దాటీ దాటని నాబోటివాడికి ఆ యోగం పట్టడానికి కారణం చదువూ కాదు, తెలివీ కాదు, కొండజ్వరం. అరకు కొండల్లో రైలుపట్టాల కింద వేసే గుగ్గిలం చెట్ల దుంగలు కొట్టించే కంపెనీ ఒకటి ఉండేది. ఆ కొండమీద ఒక్క వానాకాలం గడిపితే మనిషి తిరిగి రాడని మైదానంలో అందరూ భయపడేవారు కనక, వెళ్ళే గుమస్తాలకు జీతానికి జీతం భత్యంగా కలిపి ఇచ్చేవారు. ఆ భత్యంతో కలుపుకుని నేను సర్కారువారి కళ్ళకు సంపన్నుణ్ణి అయిపోయాను. నెలనెలా జీతంలో కోత పడుతుంటే బాధ పడకపోగా, నాకూ పన్ను కోస్తున్నారని మా నాన్నగారికి గొప్పగా ఉత్తరం రాసిన వెర్రివాణ్ణి నేను.

ఆ గొప్ప ఏడు నెలలకు మించి నిలవలేదు. దసరా వెళ్ళిన వారానికి కంపెనీ ఎత్తేస్తున్నారన్న కబురూ, నాకు జ్వరమూ ఒక్కరోజే వచ్చాయి. మిగిలినవాళ్ళు సామాను బళ్ళకెత్తుకుని ఘాటీ దిగిపోతుంటే, నేను కంపెనీ పాకలో మూడు కంబళ్ళ కింద వణుకుతూ పడి ఉన్నాను. మా మేనేజరు దొర ఆఖరి జీతం ఎగ్గొట్టాడు గాని, పోతూ పోతూ నా పేర ఇంత పన్ను కోశామని ఒక కాగితం రాసి సంతకం పెట్టి నా తలగడ కింద దోపి వెళ్ళాడు. ఆ మాత్రం ధర్మం ఆయనలో ఉన్నందుకు ఇప్పటికీ ఆయన్ని పూర్తిగా తిట్టలేను.

నన్ను ఆ పాకలోంచి భుజాన వేసుకుని వెళ్ళినవాడు ఆ పక్క ఊరి పెద్ద. హుకుంపేటకు ఒక పూట నడకలో, కొండ ఒళ్ళో పదిహేను ఇళ్ళున్న ఊరది. దుంగలు మోయించే పనిమీద నాకు ముఖపరిచయం తప్ప ఆయనతో ఏ బంధుత్వమూ లేదు. జ్వరం దిగేసరికి ఆయన్ని బావా అనీ, ఆయన ఇల్లాలిని, అక్కా అన్నట్టు, అప్పా అనీ పిలుస్తున్నాను. అలా పిలవమని ఎవరూ చెప్పలేదు, నోటికి అదే వచ్చింది. దొర ఇచ్చిన కాగితం చెమటకు తడిసిపోతోందని అప్ప దాన్ని ఒక వెదురుగొట్టంలో పెట్టి, పొయ్యిమీద విత్తనాలు దాచిన ఆనపబుర్రలు వేలాడే దూలానికి కట్టింది. పొగ తగిలినది పురుగు పట్టదని ఆమె నమ్మకం.

జ్వరం తగ్గాక కొండ దిగి ఉండవలసింది. దిగలేదు. ఒంట్లో ఓపిక లేదని కొన్నాళ్ళు, ఉద్యోగాలకు రాసిన ఉత్తరాలకు జవాబు రాలేదని కొన్నాళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ నాలుగు నెలలూ నేను మెలకువలో ఉన్నానా, నిద్రలో ఉన్నానా అన్నది ఇవాళ్టికీ తేల్చుకోలేను. కార్తీకం వచ్చేసరికి కొండవాలు అంతా వలిసెపూలు పూసి, పొద్దున్నే మంచు ఆ పసుపుమీదనే పడుకుని, ఎండ ఎక్కేకొద్దీ మెల్లగా పక్కకు ఒత్తిగిలుతుండేది. అప్ప నాకు అడ్డాకు దొప్పలో వేడి చోడంబలి, అదే రాగిజావ, పోసి ఇచ్చి, తాగేదాకా ఎదురుగా కూర్చునేది. వాకిట్లో ఎండలో కూర్చుంటే ఎదుటి కొండమీద ఎవరో ఎవరినో పిలిచే కేక వినిపించేది, ఆ జవాబు కేక వచ్చేలోపల నాకు ఒక కునుకు పట్టేది. ఏ వారమో, ఏ తేదీయో తెలియని రోజులు. జీతం లేదు, పని లేదు, నన్ను అడిగేవాడు లేడు, అయినా దిగులు లేదు. తరవాత నలభై ఏళ్ళు ఉద్యోగం చేశాను గాని, అంత నిశ్చింతగా మళ్ళీ ఒక్క పూట కూర్చున్న గుర్తు లేదు.

మాఘం చివర శృంగవరపుకోటలో బడిపంతులు పని దొరికి కొండ దిగాను. జీతం పాత జీతంలో నాలుగో వంతు. ఉగాదికి వారం రోజుల సెలవు దొరికితే, బెల్లమూ ఒక చీరా కొనుక్కుని మళ్ళీ కొండెక్కాను. వంటింట్లోకి వంగి వెళ్ళి తలెత్తి చూస్తే, పొయ్యిమీది దూలానికి విత్తనాల ఆనపబుర్రలు రెండూ మూతులు కిందికి పెట్టి వేలాడుతున్నాయి. కొండ ఇళ్ళల్లో ఖాళీ బుర్రనే అలా బోర్లిస్తారు. చైత్రంలో, విత్తనాల పండగ ముందర, అవి నిండుగా నిక్కి ఉండాలి. ఏమైంది బావా అని అడిగితే, ఎలకలు తినేశాయి అన్నాడు, నా మొహం చూడకుండా. ఆ ఏడు ఆయన తన కొండపోడులో సగం విత్తకుండా వదిలేశాడు.

కిందటేడు వానలు లేక పంట సగమే వచ్చిన సంగతి నాకు తెలుసు. అయినా పుష్యమాసమంతా, మాఘమంతా నాకు పొద్దునా సాయంత్రమూ అంబలి తప్పలేదు. పొగలో వేలాడదీసిన బుర్రలోకి ఎలకలు ఎలా దిగాయో కొండ దిగుతూ దారిపొడుగునా ఆలోచించాను. ఆలోచించేకొద్దీ ఆ ఎలక ఎవరో తెలిసింది. పంతులు జీతంతో ఆ బుర్రలు నింపలేను. అప్పుడు జ్ఞాపకం వచ్చింది, మాఘంలో నాతోనే దించుకొచ్చిన ఆ వెదురుగొట్టంలోని కాగితం. ఏడు నెలల జీతంమీద ఏడాది సంపన్నుడిలాగా పన్ను కట్టాను కదా, సర్కారు అది తిరిగి ఇవ్వాలి కదా! వచ్చే విత్తనాల పండగలోగా ఆ డబ్బు వస్తే చాలనుకుని అర్జీ పెట్టాను. అర్జీకి జత చేసిన ఆ కాగితం గోధుమరంగుకు తిరిగి, వంటింటి పొగవాసన వేస్తుండేది.

అర్జీ కదలడానికి పది నెలలు పట్టింది. చివరికి పుష్యమాసంలో, శృంగవరపుకోట ముసాఫరు బంగళాలో క్యాంపు వేసిన ఆఫీసరుగారు నన్ను పిలిపించారు. గోదావరి వైపు మనిషి, చెడ్డవాడేమీ కాదు, కాని ప్రతి మాటకూ ఆధారం కావాలి. కంపెనీ మూతపడ్డాక మైదానానికి రాకుండా నాలుగు నెలలు కొండమీద ఎందుకున్నారు, చింతపండు వ్యాపారం గాని చేశారా, లేకపోతే ఏం తిని బతికారు అని అడిగారు. మా బావగారింట ఉన్నానండీ అన్నాను. అర్జీలో మీ ఇంటిపేరూ, బావగారి ఊరూ చూశాను, ఆ బంధుత్వం ఎలా కుదిరిందో తెలియడం లేదు, ఆయన్నే తీసుకురండి అన్నారు.

కబురు పంపితే అయిదో రోజున బావ, అప్ప ఇద్దరూ దిగివచ్చారు. ఎందుకు రమ్మన్నానో, ఆ డబ్బుతో ఏం చెయ్యదలిచానో నేను చెప్పలేదు. చెబితే బావ అడుగు ముందుకు వెయ్యడని తెలుసు. నాలుగు నెలలూ మీ ఇంట్లోనే ఉన్నాను, పైసా సంపాదించలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పు బావా అన్నాను, అంతే. ఆయన తెల్లటి తలపాగా చుట్టుకుని, కంపెనీవాళ్ళు పారేసిన పాత కోటు తొడుక్కుని, ఆఫీసరుకు కానుకగా రెండు కోళ్ళు చంకలో పెట్టుకుని వచ్చాడు. ఆఫీసరుగారు కోళ్ళు పుచ్చుకోవడం కుదరదనేసరికి బావ మొహం చిన్నబోయింది. వరండా స్తంభానికి కట్టేస్తే ఆ కోళ్ళు విచారణ సాగినంతసేపూ తమ మాటలు తాము చెబుతూనే ఉన్నాయి.

అసలు చిక్కు నేను ఊహించనిచోట వచ్చింది. ఇతను మీ ఇంట్లో ఎలా గడిపాడు అని ఆఫీసరుగారు అడగ్గానే బావ రొమ్ము విరిచాడు.

“ఎలాగేటి బాబూ, దొరలాగ ఉన్నాడు! రోజూ వరన్నం, రెండ్రోజులకోపాలి కోడికూర. ఈ గుమస్తా బాబుకి మా ఊళ్ళో ఏటి లోటు?”

 కొండమీద పద్ధతి నాకు తెలియనిది కాదు. ఇంటికి వచ్చిన మనిషి గంజి తాగి గడిపాడని నలుగురిలో చెప్పడం ఆ ఇంటికీ నామర్దా, ఆ మనిషికీ అవమానం. బావ నా మర్యాద కాపాడుతున్నాడు, దాంతో నా అర్జీ మునిగిపోతోంది. ఆఫీసరుగారు కలం ఎత్తి, కొండమీద వరి పండదే, ఆ బియ్యం సంతలో ఎవరు కొన్నారు అని నెమ్మదిగా అడిగారు. బావ తడబడ్డాడు. నావైపు చూశాడు, పాపం, నన్ను ఇంకాస్త పెద్దవాణ్ణి చేద్దామనే చూశాడు.

“బాబే కొన్నాడు. ఆ బాబుకి డబ్బుకేటి కరువు?”

కలం కాగితంమీద ఆనింది. ఒక్క గీత గీస్తే నా అర్జీ, ఆ బుర్రలూ, వచ్చే ఏటి పోడూ అన్నీ అయిపోతాయి. అప్పుడు వరండా మెట్టుమీద కూర్చున్న అప్ప లేచింది. సర్కారు మనుషుల ముందు ఆమె అంతకు ముందెన్నడూ నోరు విప్పి ఎరగదు.

“ఏటి సెప్తన్నావయ్యా? ఏ పండక్కి ఒండినాం వరన్నం? ఏ కోడిని కోసినాం? జొరం మనిసి, లెగిస్తే పడిపోతన్నాడు. ఇంట్లో చోళ్ళు అయిపోతే ఇత్తనం బుర్రలు దించినాను. ఒకటి పుస్సెంలో, ఒకటి మాగంలో. ఎలకలు కాదు, ఏటీ కాదు. నానే ఒండినాను.”

 విత్తనాలు తినేస్తే మీరు ఏం విత్తుతారమ్మా, అది తెలిసే పెట్టావా అని ఆఫీసరుగారు అడిగారు. అప్పకు ఆ ప్రశ్నే వింతగా తోచినట్టుంది.

“ఇత్తనం వచ్చే ఏటికి బాబూ. ఆకలి అయ్యాలది కాదేటి?”

ఆయన చాలాసేపు రాశారు. నా సంగతి అడిగితే, తల ఎత్తలేకపోయాను, ఏడ్చేశానని చెప్పడానికి ఈ వయసులో సిగ్గేమిటి? ఆదాయం లేదు అని ఆయన రాసిన మాట తలకిందులుగా నాకు కనబడింది. బావ మాత్రం తన మాట పోయినందుకు అప్పతో పలక్కుండా, నాతోనూ పలక్కుండా, కోళ్ళు చంకన పెట్టుకుని విసవిసా కొండదారి పట్టాడు.

వాపసు ఉత్తరువు ఫాల్గుణం చివర వచ్చింది. మైదానపు విత్తనం కొండమీద రాదు కనక ఆ డబ్బంతా పట్టుకుని హుకుంపేట సంతకు వెళ్ళి, కొండ ముసలమ్మల దగ్గర ఏరి ఏరి చోళ్ళూ సామలూ కొన్నాను. కావిడి మోయించుకుని ఊళ్ళోకి వెళితే బావ గడపలో అడ్డంగా నిలబడ్డాడు. పెట్టిన కూటికి బదులు తెస్తావా, మమ్మల్ని పూటకూళ్ళవాళ్ళను చేస్తావా అన్నాడు. బతిమాలాను, కోప్పడ్డాను, ఆయన గడప వదలలేదు. ఆ మర్నాడే విత్తనాల పండగ, కొండమీద దాన్ని ఇటుకల పండగ అంటారు. ఆ పండగనాడు ప్రతి ఇల్లూ తన విత్తనం తెచ్చి దేవత ముందు ఒకే రాశిలో పోస్తుంది, పూజారి అన్నీ కలిపి మళ్ళీ ఇంటింటికీ పంచుతాడు, ఆ తరవాత ఏ గింజ ఎవరిదో అడగడం లేదు. నేను ఆ కావిడి అక్కడికే మోసుకుపోయాను. ఊరివాళ్ళు తప్ప పరాయివాడు ఆ రాశిలో పొయ్యకూడదు. పూజారి నన్ను ఆపి, ఈ విత్తనం ఏ ఇంటిది అని అడిగాడు.  జనమంతా చూస్తున్నారు. అప్ప బావవైపు చూసింది. ఆయన జనంలోంచి ముందుకు వచ్చాడు.

“మా ఇంటిదే. మా తమ్ముడు తెచ్చినాడు. పొయ్యనీ.”

నలుగురిలో ఆయన నన్ను బాబూ అనకుండా పిలవడం అదే మొదలు; బావమరిది అంటే వేరే ఇంటివాణ్ణి అవుతానని కాబోలు, తమ్ముణ్ణి చేసేశాడు. తిరిగి వస్తుంటే ఆడవాళ్ళు దారికి అడ్డంగా వెదురుబొంగు పట్టుకుని పండగ డబ్బులు అడిగారు. నా జేబులో ఒక్క కానీ మిగలలేదు, చేతులు చూపిస్తే పకపకా నవ్వి బొంగు ఎత్తారు. ఆ ఏడు ఆ పోడు అడుగు వదలకుండా పచ్చబడిందని తరవాత విన్నాను.

బావా లేడు, అప్పా లేదు. ఇప్పుడు అరకుకు రైలే వెళుతోంది, మేము రెండు రోజులు నడిచిన దారిని బొర్రా మీదుగా సొరంగాల్లోంచి ఒక పూటలో దాటిస్తుంది. కిటికీలోంచి వలిసెపూలు చూసి జనం చప్పట్లు కొడతారు. మంచిదే.

ఫారం మీద వేలు అలాగే ఉంచి మా మనవరాలిని అడిగాను, ఆ నాలుగు నెలలూ ఎక్కడున్నావమ్మా, ఏం తిన్నావు అని. తను ఈ ఊళ్ళోనే, మాకు రెండు బస్సుల దూరంలో, అద్దెగదిలో ఉందట. చేతిగాజులు అమ్ముకుందట, కొన్ని రాత్రులు బన్నుతో సరిపెట్టుకుందట. ఉద్యోగం పోయిందని ఎలా చెప్పను తాతయ్యా, సిగ్గేసింది అంది. మా ఇంట్లో బియ్యం డబ్బా ఆ నాలుగు నెలల్లో ఒక్కరోజూ నిండుకోలేదు. ఏ బంధుత్వమూ లేని ఇంట్లో నేను వాళ్ళ వచ్చే ఏటి పంటను కూర్చుని తిన్నాను. నా ఇంటి గడపకు నా పిల్ల ఆకలితో రాలేకపోయింది. ఆ గడిలో ఏం రాయాలో నాకు ఇంకా తోచలేదు.